రాజేశ్వరి చెప్పిన మంచిమాట

రెండు అరచేతులూ కుక్క పొట్టకు అటూ ఇటూ ఆనించి, రాజేశ్వరి లోపల మూత్రసంచి కోసం వేళ్లతో వెతికింది. పొద్దున పూట అది నిమ్మకాయలా గట్టిగా తగలాలి. పట్టు విడవకుండా తోకవైపు మెల్లగా నొక్కుతూ పోతే కాసేపు మొండికేసి, ఆ తర్వాత ధార కట్టాలి. రోజూ జరిగేది అదే. ఈ రోజు మాత్రం చెయ్యి వేసీ వేయకముందే అంతా కారిపోయింది. కింద పరిచిన పాత చీర ముక్క తడిసి ముద్దయింది.

“ఏమి క్లీనరూ, ఈ పొద్దు నాకు పనే పెట్టలేదే,” అంటూ ఆమె తడి గుడ్డ లాగేసి పొడి గుడ్డ పరిచింది.

క్లీనర్ అనే ఆ కుక్క తల ఎత్తి ఆమెను చూసింది. పొడుగాటి ఒళ్లు, జానెడు కూడా లేని కాళ్లు, వేలాడే చెవులు, బెల్లం రంగు. కళ్ల పైన రెండు లేత మచ్చలు ఉండటంతో అది ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టే కనిపిస్తుంది. ముందు కాళ్లు ఊని లేవబోయింది గాని, నడుము నుంచి వెనక భాగమంతా బియ్యం సంచిలా పరుపు మీదే ఉండిపోయింది. ఆ ముందు కాళ్లు కూడా కాస్త వణికి మళ్లీ మడతపడ్డాయి.

తర్వాతి పని వెనక కాళ్లు ఆడించడం. రెండు కాళ్లూ చేతుల్లోకి తీసుకుని, ఒకటి ముందుకు ఒకటి వెనక్కి, సైకిలు తొక్కించినట్టు తొక్కించాలి. అది అయ్యాక ఆమె అలవాటుగా వెనక పాదం వేళ్ల మధ్య గట్టిగా గిల్లింది. కాలు కదల్లేదు. రెండో కాలు గిల్లింది. అదీ అంతే. మొన్నటిదాకా గిల్లిన వెంటనే కాలు చటుక్కున వెనక్కి లాక్కునేది. నిన్న కాస్త మందంగా లాక్కుంది. ఈ రోజు అసలు లేదు. నిద్రమత్తు వదల్లేదేమో అనుకుంది రాజేశ్వరి. ఊరందరికీ చెప్పే మంచిమాటలు తనకు తాను చెప్పుకోవడంలోనూ ఆమెకు పీనాసితనం లేదు.

కల్లూరులో కొత్తగా లేచిన ఇళ్ల మధ్య ఒక అద్దె ఇంట్లో ఉంది ఆ ఆసుపత్రి. బోర్డు మీద ‘పెంపుడు జంతువుల నరాల వైద్యం’ అని రాసి ఉంటుంది. షేర్ ఆటోల్లో పోయేవాళ్లు అది చదివి, మనుషుల నరాలు చూసేవాడే దొరకడం లేదని నవ్వుకుంటూ పోతారు. హాల్లో జనం కూర్చుంటారు, వంటింట్లో పరీక్షలు, పూజగదిలో మందుల ఫ్రిజ్జు. పడకగదే వార్డు. మూర్ఛలొచ్చేవి, మెడ ఒకవైపుకు తిరిగిపోయినవి, కాళ్లు పడిపోయినవి అక్కడ ఉంటాయి. నల్లబండల నేల చల్లగా ఉంటుందని రాజేశ్వరి ఆ గదిని రోజూ తడిపి తుడుస్తుంది.

రాజేశ్వరిది కోడుమూరు. పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ నేతవాళ్లే. ఆమె తల్లి అచ్చు అతికేది, ఆ పని కూతురికీ నేర్పింది. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు, దువ్వెనలాంటి అచ్చులో మిగిలిన చివరి పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలపడమే ఆ పని. వేలికి కాస్త బూడిద అద్దుకుని, పాత పోగునూ కొత్త పోగునూ పక్కపక్కన పెట్టి, బొటనవేలితో ఒక్క తోపు తొయ్యాలి. ముడి ఉండకూడదు. అతికిందో లేదో చూడటానికి ఒకటే పరీక్ష. ఈ కొస పట్టుకుని కొద్దిగా లాగాలి. ఆ కొస కదిలితే అతికినట్టు. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా నడుము ఎత్తడానికి ఉండదు. ఆమె వేళ్లు ఆ పనికే పుట్టాయని కోడుమూరులో చెప్పుకునేవారు.

తల్లి నేర్పింది ఇంకొకటి కూడా ఉంది. అచ్చు ముందు కూర్చున్నప్పుడు నోట చెడ్డమాట రాకూడదు. పోగు తెగిందనకూడదు, పెరిగిందనాలి. ఎంతదాకా వచ్చిందని నేసేవాడు అడిగితే, సగం కూడా కాకపోయినా ఐపోవచ్చిందనే చెప్పాలి. అతికేదాని నోరు చెడితే ఆ పడుగు మీద నేసిన చీరలన్నీ చెడతాయని వాళ్ల ఇంట్లో నమ్మకం. రాజేశ్వరి ఆ నమ్మకాన్ని మగ్గం దగ్గరే వదిలిపెట్టి ఉంటే ఏ గొడవా లేకపోయేది. ఆమె దాన్ని బతుకంతా పరిచింది. పరీక్ష తప్పిన పిల్ల కనిపిస్తే వచ్చేసారి ఫస్టున వస్తావంది. మంచాన పడ్డ ముసలాయన మొహంలో కళ వచ్చిందంది. మగ్గాన్ని వచ్చిన ధరకు అమ్మేసిన రోజున, ఇల్లు ఎంత విశాలమైందో చూడమంది. మొగుడు నరసింహకు ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియక లేచి బయటికి వెళ్లిపోయాడు. పిల్లలు కాలేదు. ‘ఇంకా టైముండాదిలే’ అని చాలా ఏళ్లు చెప్పింది. ఆ తర్వాత అడిగేవాళ్లు లేకపోవడంతో ఆ మాటతో పని పడలేదు. కోడుమూరులో ఆమెను మంచిమాట రాజేశ్వరి అనేవారు. వెక్కిరింపు కొంతే, ప్రేమే ఎక్కువ.

నరసింహకు కర్నూల్లో ఒక అపార్ట్‌మెంటు దగ్గర కాపలా పని దొరికాక ఇద్దరూ కల్లూరు చేరారు. ఆమె ఈ ఆసుపత్రిలో ఊడ్చడానికే చేరింది. ఒకరోజు మూర్ఛతో కొట్టుకుంటున్న కుక్కను డాక్టరు మధులత ఒక్కతే పట్టుకోలేకపోతుంటే చీపురు పక్కన పడేసి వచ్చి పట్టుకుంది. ఆ చేతుల కింద కుక్క నెమ్మదించడం డాక్టరు చూసింది. ఏడుస్తూ వచ్చినవాళ్లు ఈమెతో నాలుగు మాటలు మాట్లాడి మొహం తుడుచుకుని పోవడం కూడా చూసింది. అందుకే ఊడ్చే పనికి వేరేవాళ్లను చూసుకుని, ఈమెను వార్డులో పెట్టుకుంది. అప్పుడే ఒక మాట చెప్పింది. “అక్కా, నువ్వు ధైర్యం చెప్పు చాలు. జబ్బు సంగతి నేను చెప్తా.” ఈ రెంటికీ తేడా ఏమిటో రాజేశ్వరికి అర్థం కాలేదు. అయినా తల ఊపింది.

క్లీనర్ యజమాని మారెన్న. మంగంపేట నుంచి హైదరాబాదుకు ముగ్గురాయి పొడి తోలే లారీ డ్రైవరు. లారీ ఓనర్లు క్లీనర్లను పెట్టడం మానేశాక క్యాబిన్‌లో ఒంటరిగా తిరిగేవాడు. గనుల దగ్గర పనిచేసే ఇంజనీరు బదిలీ మీద పోతూ ఈ కుక్కను ఇచ్చి పోతే, పక్క సీట్లో కూర్చోబెట్టుకుని జీతం లేని క్లీనరు దొరికాడని ఆ పేరే పెట్టాడు. పెళ్లి చేసుకోలేదు. ఇల్లంటే లారీ, ఇంటి మనిషంటే ఈ కుక్క. డాబాల దగ్గర లారీ ఆగితే మారెన్న దిగకముందే అది సీటు మీదినుంచి కిందికి దూకేది. అంత ఎత్తునుంచి అంత పొట్టి కాళ్లతో దూకడం చూసి తక్కిన డ్రైవర్లు నవ్వేవారు. పోయిన వారం కూడా అలాగే దూకింది. కుయ్యిమని ఒక్క అరుపు అరిచి, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చి అతని చెప్పుల మీద తల పెట్టింది. అతను లోడుతోనే కల్లూరు వచ్చాడు.

ఆ రోజు డాక్టరు పటకారుతో వెనక పాదం వేలు ఎముక దాకా నొక్కి చూసింది. వెన్నులో డిస్కు జారి వెన్నుపాము మీద పడిందనీ, స్పర్శ పోయిందనీ చెప్పింది. వెంటనే హైదరాబాదు తీసుకుపోయి ఆపరేషన్ చేయిస్తే సగం ఆశ, తెల్లవారితే అది కూడా తగ్గుతుందంది. అక్కడి ఆసుపత్రికి ఫోన్ చేసి పెట్టింది కూడా. మారెన్న పోతాననే అన్నాడు. అని, వసారాలో కూలబడ్డాడు. దీపాలు పెట్టే వేళకు రాజేశ్వరి మంచినీళ్లు తీసుకుపోతే అక్కడే ఉన్నాడు.

“అంత చిన్న ఒళ్లు యాడని కోస్తారక్కా. కోసినాక లేయకపోతే?” అని అడిగాడు.

పెద్ద మీసాలున్న మనిషి అలా అడిగితే ఆమె చూడలేకపోయింది. చెయ్యి పట్టుకుని వార్డులోకి తీసుకొచ్చి, కుక్క కాలివేళ్ల మధ్య గిల్లింది. కాలు చటుక్కున వెనక్కి పోయింది.

“సూడు మారెన్నా, ఎట్ల లాక్కుంటాండాడో. ఈడ గిల్లితే ఆడ కదుల్తాండాది. పోగు యాడా పోలేదు. కాళ్లు ఆడిస్తా ఉంటే లేస్తాడు. నేను లేపుతా గదా.”

మారెన్న కూడా గిల్లి చూశాడు. కాలు మళ్లీ లాక్కుంది. అతని మొహం విప్పారింది. లేచి డాక్టరు గదిలోకి పోయి, కోతా గీతా ఏమీ వద్దు, ఇక్కడే ఉంచుతానన్నాడు. డాక్టరు మళ్లీ మొదటినుంచి చెప్పింది. అతను అన్నిటికీ తల ఊపి, కుక్కను వదిలిపెట్టి లోడు తీసుకుని వెళ్లిపోయాడు. అప్పటినుంచి లారీ ఆగిన ప్రతిచోటినుంచీ ఫోన్ చేస్తున్నాడు, డాక్టరుకు కాదు, రాజేశ్వరికి. ఆమె ప్రతిసారీ ‘లాక్కుంటాండాడప్పా’ అనే చెబుతూ వచ్చింది.

డాక్టరు మధులత వచ్చీ రాగానే క్లీనర్ దగ్గరికే వచ్చింది. పొట్ట మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగింది. పాదం పటకారుతో నొక్కింది. తోక ఎత్తి వదిలింది, అది గుడ్డపేలికలా పడింది. వీపు మీద వెంట్రుకలు తీసేసిన చోట, నడుముకు కాస్త పైన, నిన్న ఆమె పెన్నుతో గీసిన నీలం గీత ఉంది. సూదిమొనతో వెన్ను పొడుగునా తాకుతూ పైకి వచ్చింది. స్పర్శ ఉన్న చోట చర్మం అదరాలి. నిన్నటి గీత దాటినా అదరలేదు. భుజాల దగ్గరికి వచ్చాకే సన్నగా అదిరింది. డాక్టరు అక్కడ కొత్త గీత గీసి, పెన్ను మూత పెట్టి, కుక్క తల నిమురుతూ ఉండిపోయింది.

“ఏమి మేడమ్?”

“లోపల మెత్తబడిపోతాంది అక్కా. దెబ్బ తగిలిన చోటి నుంచి వెన్నుపాము కిందికీ పైకీ కరిగిపోతాంది. కింద అంతా అయిపోయింది. ఇప్పుడు పైకి పాకుతాంది. మెడ దాకా వస్తే ఊపిరి ఆడదు.”

“మందు ల్యాదా?”

“దీనికి లేదు. నొప్పి తెలీకుండా పంపించడమే మనం చేయగలిగింది. అది కూడా ఈ పొద్దే.”

రాజేశ్వరి గుడ్డ మడత సరిచేసింది. సరిగ్గానే ఉన్న మడతను విప్పి మళ్లీ వేసింది. చివరికి అడిగేసింది.

“మరి వచ్చిన దినం కాలు లాక్కున్యాది గదా మేడమ్. ఆ పొద్దు స్పర్శ ఉన్నట్టే గదా?”

“కాలు లాక్కోవడం స్పర్శ కాదక్కా. మోకాలి కింద తడితే మన కాలు దానంతట అది ఎగరదూ? అట్లాంటిది. వెన్నులో పైకి దారి మూసుకుపోయినా కిందిభాగం తనంతట తానే కాలు లాగేస్తుంది. కుక్కకు ఆ సంగతే తెలియదు.”

“మేము పడుగు అతికేటప్పుడు ఈ కొస లాగితే ఆ కొస కదిలిందంటే...”

“నిజమే. కానీ ఇక్కడ ఆ కొస కాలు కాదు, తల. గిల్లితే తల తిప్పి చూడాల, అరవాల, కరవడానికి రావాల. వచ్చిన రోజే వీడు తల తిప్పలేదు.”

ఆ రోజు రాజేశ్వరి కాలినే చూసింది. మారెన్న కూడా కాలినే చూశాడు. కుక్క తల ఎటు ఉందో ఇద్దరిలో ఎవరూ చూడలేదు. ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా ఆ సాయంత్రం క్లీనర్ మొహం ఆమెకు గుర్తు రాలేదు.

“ఆయన హైదరాబాదు పోతానన్నవాడు ఉన్నట్టుండి ఎందుకు మనసు మార్చుకున్నాడో నాకు ఇప్పటికీ తెలీదు,” అంది డాక్టరు, చేతులు కడుక్కుంటూ. “నువ్వేమన్నా చెప్పినావా అక్కా?”

“నేనేం చెప్తా మేడమ్,” అంది రాజేశ్వరి.

అనడమైతే అంది. పరుపు పక్కన నేల మీదే కూర్చుండిపోయింది. ఇన్నేళ్లలో ఆమె చెప్పిన మాటలు ఎన్నో నిజం కాలేదు. పరీక్ష తప్పిన పిల్ల మళ్లీ తప్పింది, ముసలాయన పోయాడు. అయినా ఆమె మాట వల్ల ఒకరికి ఏదో అయిందని ఎప్పుడూ అనిపించలేదు. మాట వినేవాళ్లకు కాసేపు బాగుండేది, అంతే కదా అనుకునేది. మాటను నమ్మి ఒక మనిషి ఒక పని చేయకుండా ఆగిపోతాడని ఆమెకు తట్టలేదు.

మారెన్నకు ఆమే ఫోన్ చేయాలంది డాక్టరు. లారీ తోలుతూ ఉంటాడు కాబట్టి సంగతి చెప్పకుండా, త్వరగా రమ్మని మాత్రం చెప్పమంది.

“యాడుండావు మారెన్నా?”

“జడ్చర్ల దాటినానక్కా. ఎట్లుండాడు మావోడు? లేసినాడా?”

నోటి చివరిదాకా ఒక మంచిమాట వచ్చింది. అలవాటైన మాట, దానంతట అదే వచ్చింది. పళ్లు బిగపట్టి ఆపింది.

“ఉండాడు. నువ్వు బిర్న రా నాయనా.”

“వస్తాండా, వస్తాండా. కర్నూల్లో చిన్న పనుండాది, చూసుకుని వచ్చేస్తా.”

“పని తర్వాత చూసుకుందువులే. ముందు రా.”

“వాని పనే లేక్కా,” అని నవ్వి పెట్టేశాడు.

మధ్యాహ్నానికి ఎండ పెరిగింది. డాక్టరు నొప్పికి సూది వేసి వెళ్లాక క్లీనర్ కాస్త శాంతించింది గాని, ముందు కాళ్లు బిగుసుకోవడం మొదలైంది. రాజేశ్వరి పెరుగన్నం మెత్తగా పిసికి వేలితో నోటికి అందించింది. వాసన చూసి, మర్యాద కోసమన్నట్టు ఒకసారి నాకి, మొహం తిప్పుకుంది. తన డబ్బాలోని జొన్నరొట్టె ఆమె కూడా విప్పలేదు. వాకిట్లో లారీ చప్పుడైన ప్రతిసారీ కుక్క చెవులు లేచేవి. ఆ లారీ కాదని ఆమెకంటే ముందే దానికి తెలిసిపోయి చెవులు వాలిపోయేవి. దాని ఒంట్లో ఇంకా చెప్పినట్టు వినేవి ఆ చెవులే.

ప్రమీలారాణి అనే టీచరు తన పొమేరియన్‌ను తీసుకొచ్చింది. దానికి మూర్ఛలు. వచ్చినప్పుడల్లా ముందు రాజేశ్వరి దగ్గర కూర్చుని, ఆ తర్వాతే డాక్టరు దగ్గరికి పోవడం ఆమె పద్ధతి.

“నిన్న మళ్లీ వచ్చింది రాజేశ్వరమ్మా. మందు వేస్తానే ఉన్నా. తగ్గిపోతాది కదా?”

“మేడమ్‌ను అడుగమ్మా.”

ప్రమీలారాణి ఇంకేదో వస్తుందని ఎదురుచూసింది. ఏమీ రాకపోయేసరికి మొహం చిన్నబుచ్చుకుని, కుక్కను గుండెలకు అదుముకుని హాల్లోకి పోయింది. ఈ రోజు ఈమెకేమైందో అనుకుని ఉంటుంది. రాజేశ్వరికి ఆ ఆడమనిషిని చూస్తే జాలేసింది. అయినా నోరు తెరవడానికి భయం వేసింది.

మారెన్న రావలసిన వేళ దాటిపోయింది. డాక్టరు రెండుసార్లు వచ్చి రోడ్డు వైపు చూసి పోయింది. క్లీనర్ ఊపిరి పొట్టతోనే తీస్తోంది. ప్రతి ఊపిరికీ కాస్త ఆగుతోంది. రాజేశ్వరి తన ఊపిరి కూడా దానితోపాటు ఆపుతోంది. అతను వచ్చేలోపే ఇది పోతే బాగుండునని ఒకసారి అనుకుంది. అలా అయితే చెప్పవలసిన మాట చెప్పే పని తప్పుతుంది. అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఎండ వాలుతుండగా లారీ వచ్చింది. ఈసారి చెవులు లేచి అలాగే నిలబడ్డాయి. మారెన్న మొహం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు. చేతికి, చొక్కా అంచుకు ఆకుపచ్చ రంగు మరకలున్నాయి. వార్డు గడపలోనే ఆగిపోయాడు. కుక్కను చూశాక ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది. అయినా డాక్టరు దాచకుండా, నెమ్మదిగా, అతని కళ్లలోకి చూస్తూ అంతా చెప్పింది. అతను నేల మీద కూర్చుని కుక్క తల ఒళ్లోకి తీసుకున్నాడు. క్లీనర్ అతని చెయ్యి నాకింది. రంగు వాసనకు తుమ్మి, మళ్లీ నాకింది.

“వచ్చిన దినం స్పర్శ ఉండాదంటిరి గదా మేడమ్?” అన్నాడు తల ఎత్తకుండా.

“నేను లేదనే చెప్పినా మారెన్నా.”

“కాలు లాక్కున్యాది. నేను గిల్లి చూస్తి గదా.”

“గిల్లి చూడమని నీకెవరు చెప్పినారు?”

అతను కుక్క తల మీదికి ఇంకా వంగాడు. రాజేశ్వరి వైపు చూడనుకూడా లేదు. ఆమె పేరు చెప్పకూడదని అతను అనుకున్నట్టు ఆమెకు అర్థమైంది. అతను చెప్పి ఉంటే అంత కష్టం అనిపించేది కాదేమో. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది.

“నేనే చెప్పినా మేడమ్. కాలు కదిల్తే బాగున్నట్టే అనుకున్యా. లేస్తాడని చెప్తి. అందుకే ఆయప్ప హైదరాబాదుకు పోలేదు. పొద్దున మీరు అడిగినప్పుడు అబద్ధం చెప్పినా.”

డాక్టరు ఆమె వైపు తిరిగింది. కోపమే, కానీ కోపం ఒక్కటే అయి ఉంటే రాజేశ్వరి తట్టుకునేది. వార్డులో మూలనున్న ఇంకో కుక్క నీళ్లు తాగుతోంది.

“ఆ పొద్దే పోయుంటే బతికేవాడా మేడమ్?” అడిగాడు మారెన్న.

“బతికి ఉండొచ్చు,” అంది డాక్టరు. “ఆపరేషన్ చేసినాక కూడా ఇట్లే అయ్యుండొచ్చు, కొన్నింటికి అవుతుంది. నాకు తెలీదు మారెన్నా. తెలుసని చెప్తే అది అబద్ధం.”

అతను చాలాసేపు కుక్క కళ్ల పైనున్న మచ్చలను బొటనవేలితో నిమిరాడు. ఆ తర్వాత, కానియ్యండి అన్నట్టు తల ఊపాడు. డాక్టరు పూజగదిలోకి పోయి సూది తెచ్చింది. ఇలాంటప్పుడు ముందు కాలు పట్టుకుని, నరం పైకి తేలేలా బొటనవేలితో నొక్కి ఉంచడం రాజేశ్వరి పని. అలవాటు చొప్పున ఆమె వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. చెయ్యి చాచింది.

“నువ్వు బయటుండక్కా,” అన్నాడు మారెన్న.

గట్టిగా అనలేదు. తిట్టినట్టు కూడా లేదు. దారిలో అడ్డమున్న మనిషిని కాస్త జరగమన్నట్టే అన్నాడు. రాజేశ్వరి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని లేచి వెళ్లింది.

పెరట్లో పొద్దుటి గుడ్డలు బకెట్లో నానుతున్నాయి. ఆమె సబ్బు రాసి బండ మీద ఉతకడం మొదలుపెట్టింది. ఉతికినదాన్నే మళ్లీ ఉతికింది. ఎన్నో కుక్కలు ఆమె చేతుల మధ్య పోయాయి. వాటి చివరి ఊపిరి ఆమె వేళ్లకు తెలిసేది, ఆ తర్వాత ఆ ఇంటివాళ్లకు ఆమె ఏదో ఒకటి చెప్పేది, వాళ్లు ఆ మాట పట్టుకుని ఇంటికి పోయేవారు. ఈ రోజు గోడకు అవతల ఏం జరుగుతోందో ఆమెకు తెలియలేదు. చెప్పడానికి ఏమీ లేదు, అడిగేవాళ్లూ లేరు. ఏడుపు రాలేదు. వస్తే తేలికయ్యేది. రాకపోవడమే న్యాయం అనిపించింది.

లోపల తలుపు తెరుచుకున్న చప్పుడైతే చేతులు తుడుచుకుని ఇంటి పక్కనుంచి ముందుకు వచ్చింది. మారెన్న తన భుజం మీది తువ్వాల్లో చుట్టి, రెండు చేతుల మీదా ఎత్తుకుని వస్తున్నాడు. ఒక చెవి బయటికి వేలాడుతోంది. డాక్టరు వెనకాలే గేటు దాకా వచ్చి, ఆ చెవిని తువ్వాలు కిందికి సర్దింది.

లారీ ఎడమవైపు తలుపు తెరిచి అతను ఆగాడు. సీటు మీద, కుక్క కూర్చునే చోట, ఏదో ఇనుప సామాను పెట్టి ఉంది. కుక్కను ఒక చేత్తో గుండెలకు ఆనించుకుని, రెండో చేత్తో దాన్ని కిందికి దించి గేటు పక్కన గోడకు ఆనించాడు. ఖాళీ అయిన సీటు మీద కుక్కను పడుకోబెట్టి తలుపు వేశాడు. ఎప్పుడూ వెళ్లేటప్పుడు ‘పోయొస్తానక్కా’ అనేవాడు. ఈసారి డాక్టరుకు చేతులు జోడించి, అటునుంచి ఎక్కి కూర్చున్నాడు. లారీ కల్లూరు సందులోంచి మెల్లగా, గతుకుల దగ్గర మరీ మెల్లగా పోయింది.

“రేపు మాట్లాడుదాం అక్కా,” అని డాక్టరు లోపలికి వెళ్లిపోయింది.

రాజేశ్వరి గేటు దగ్గరే ఉండిపోయింది. గోడకు ఆనించి ఉన్నది వెల్డింగు షాపులో చేయించిన చిన్న మెట్ల నిచ్చెన. పైన సీటు అంచుకు తగిలించడానికి రెండు కొక్కేలున్నాయి. మెట్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయంటే, మనిషి ఎక్కడానికి పనికిరావు. జానెడు కూడా లేని కాళ్లకు సరిపోయేలా కొలిచి పెట్టినవి. పాదం జారకుండా ప్రతి మెట్టు మీదా పాత టైరు ముక్క కోసి అతికించాడు, అంచులు గుచ్చుకోకుండా అరగదీశాడు. ఆమె చెయ్యి ఆనిస్తే వేళ్లకు ఆకుపచ్చ రంగు అంటింది. అది ఇంకా ఆరలేదు.